ఉప్పునేలలో తియ్యనీళ్లు

చిట్టమూరు దగ్గర రొయ్యల గుంట తవ్వుతున్న పొక్లెయిన్ ఉన్నట్టుండి ఆగింది. కాసేపటికి కబురంది వచ్చిన మస్తానమ్మ తన తమ్ముడు గిరిబాబు పక్కన నిలబడి గుంటలోకి తొంగి చూసింది.

“ఏందిరా అది? కాల్చిన మట్టి వరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండాయి!”

“బావి అక్కా. నెల్లూరు కాలేజీలో చరిత్ర చెప్పే సారుకి ఫోటో పంపినా. రెండు వేల ఏళ్ల నాటిది కావచ్చన్నాడు.”

“అన్నేళ్లా! ఈ ఇసకలో కూలిపోకుండా ఎట్టా దించినార్రా?”

“వర లోపలి ఇసక తోడే కొద్దీ వర తన బరువుకి తనే దిగిపోద్ది. దాని మీద ఇంకో వర పెడతారు. ఇప్పుడు మనం సిమెంటు వరలు దించేదీ అట్టనే గదా.”

“అడుగున నీళ్లు మెరస్తా ఉండాయే. ఉప్పునీళ్లేలే.”

“తాగి చూడు.”

గిరిబాబు తాడు కట్టి తోడిన చెంబు అందించాడు. మస్తానమ్మ ఒక గుక్క తాగింది.

“తియ్యగా ఉండాయిరా! మనం వేసిన బోర్లన్నిట్లో ఉప్పే పడె. ఈడ తియ్యనీళ్లుండాయని వాళ్లకి ఎవురు చెప్పినారు?”

“సారుకీ తెలవదంట.”

“రొయ్యలకి ఉప్పునీళ్లు పెడితే?”

“ఈ బావి నీళ్లు చెడిపోతాయి. గుంట ఆపితే మన సాగు పోద్ది. నేల నీ పేరున ఉంది, నువ్వే చెప్పక్కా.”

ఆమె చెంబులో మిగిలిన నీళ్లు కూడా తాగేసింది.

“పొక్లెయిన్‌ని పంపించెయ్యి. ఎవురో ఎరగని వాళ్లు మన దాకా చేర్చిన నీళ్లురా ఇవి. ఉండు, బిందె తెస్తా.”