పెన్సిలుతో రాసిన మాట

స్వరకర్త పియానోకూ వయొలిన్లకూ కలిపి తన కొత్త రచన రాస్తూనే ఒరిగిపోయి ప్రాణం విడిచిన రోజున, దాని చివరి పుట కనబడకుండా పోయింది. నెల తర్వాత, తొలి కచేరీకి ముందురోజు, అతని భార్య ఆ పుటను పియానో ముందు కూర్చున్న ఆడపడుచు చేతిలో పెట్టింది.

"ఇన్నాళ్లూ ఎక్కడుంది వదినా?"

"నా బీరువాలోనే. చూడలేక దాచాను."

"రచన అయిపోయిందని చివర నిలువుగా గీసే ముగింపు గీతలు లేవు. కింద 'ఆగు' అని మాత్రం రాశాడు. ఆపెయ్యమనా? ఇంకా ఉంది, కాచుకోమనా?"

"వాయించేదానివి నువ్వు. నన్నడుగుతావేం?"

"భయమేస్తోంది. అక్కడ చేతులు తీసేస్తే అన్నయ్యను నేనే ముగించేసినట్టు. తీయకపోతే ఎంతసేపని? వయొలిన్ల వాళ్లు కమానులెత్తి నా వేళ్లకేసే చూస్తుంటారు."

"మీ అన్నయ్య తలుపు కిర్రుమన్నా, చెవిన పడిందల్లా రాసేసుకునే రకం."

"ఇప్పుడా పరాచికాలు?"

"పరాచికం కాదే. ఆ రోజు నన్ను పిలిచాడు. బట్టలారేస్తూ 'ఆగు, వస్తున్నా' అని అరిచాను. వెళ్లేసరికి పెన్సిలు నేలమీద ఉంది."

"వదినా..."

"రేపు నువ్వక్కడ ఆగితే సభంతా నా గొంతే వింటుంది. నేను రాలేను."

"నువ్వు రాకపోతే నేను వాయించలేను."

ఆడపడుచు పెన్సిలు తీసుకుంది. మళ్లీ పెట్టేసింది. ముగింపు గీతలు ఇంకా ఎవరూ గీయలేదు.