‘అవగాహన లోపం’ అని రాయనన్న అక్కయ్యగారు

పంతొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం జూన్ పదకొండో తేదీ సోమవారం ఉదయం నగర ఆరోగ్య కార్యాలయపు జనన మరణ నమోదు విభాగంలో గుమాస్తాగా చేరి, ముప్పై నాలుగు సంవత్సరాల పాటు తమ కాలాన్నీ, కంటిచూపునూ, ఓర్పునూ ఈ కార్యాలయానికి ధారపోసి, ఈ నెలాఖరున గణాంక విభాగంలో సీనియర్ గుమాస్తాగానే విరమణ పొందుతున్న మన ‘ఎందుకమ్మ’ గారిని అభినందించే భాగ్యం నాకు దక్కింది. పై వాక్యంలో ‘గానే’ అన్న మాట పొరపాటున పడింది కాదు. పర్యవేక్షకురాలిగా విరమణ పొందవలసిన వ్యక్తి సీనియర్ గుమాస్తాగానే ఎందుకు మిగిలారో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ వీడ్కోలు సంచిక బాధ్యులు నాకు పెట్టిన షరతు ఒక్కటే. “ఆ మెమో గొడవ వద్దండీ. నాలుగు మంచి మాటలు రాసి ముగించండి. సంతోషంగా పంపిద్దాం.” ఆమె గురించి నాకు తెలిసిన మంచి మాటలన్నీ ఆ మెమోలోనే ఉన్నాయి. కనుక మిత్రులు మన్నించాలి.

జనన మరణాల కిటికీ వద్ద కూర్చున్న తొలినాళ్ళలోనే ఆమెకు ఆ ముద్దుపేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. మరణ ధ్రువపత్రాలలో కారణం అన్నచోట ‘గుండె ఆగిపోవుట’ అని రాసుకొచ్చిన ఆసుపత్రి గుమాస్తాలను ఆమె తిప్పి పంపేవారట. “గుండె ఆగకుండా పోయినవాళ్ళను ఒక్కరిని చూపించండి బాబూ. ఎందుకు ఆగిందో రాయించుకురండి.” ఆసుపత్రులవారు విసుక్కున్నారు, పై అధికారులు విసుక్కున్నారు, క్యూలో నిలబడ్డవారు కూడా విసుక్కున్నారు. అయితే ఈ నగరంలో ఏ వీధిలో ఏ జబ్బుతో ఎందరు పోతున్నారో ఇరవై రెండేళ్ళ పాటు నమ్మదగిన లెక్క ఉన్నదంటే అది ఆ విసుగుల పుణ్యమే. తరువాత ఆమెను గణాంక విభాగానికి మార్చారు. ఎదురుగా గడియారాల మరమ్మతు దుకాణం నడిపే వారి శ్రీవారు మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వచ్చి, మెట్ల మీద కూర్చుని ఎదురుచూడడం మనందరం రోజూ చూసినదే. “మా ఆవిడ వస్తానన్న టైముకు ఏ గడియారమూ సరిపోదండీ” అనేవారాయన.

నేను టీకాల శీతల గదికి ఫార్మసిస్టుగా వచ్చాక ఆమె నన్ను తమ్ముడూ అన్నారు, నేను అక్కయ్యగారూ అన్నాను. మహమ్మారి వచ్చిన రెండో ఏడు సిబ్బందికి మొదటి సూదులు వేసిన రోజున జరిగిన ముచ్చట ఒకటి ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. వరుసలో ఆమె వంతు వచ్చేసరికి బీరువా తాళం మరచిపోయానని వెళ్ళారు. రెండోసారి ఫోన్ మోగిందని వెళ్ళారు, అది మోగలేదు. మూడోసారి మెట్ల దగ్గర దొరికారు.

“తమ్ముడూ, నాకు సూదంటే చచ్చేంత భయం. మా అమ్మాయి పుట్టినప్పుడు నొప్పులకు ఏడవలేదు, సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయాను.”

నా చెయ్యి పట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుని వేయించుకున్నారు. నా మణికట్టు మీద ఆమె గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. ఊపిరి తిరిగాక ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ పోలేదు. “నేను మూడుసార్లు పారిపోయాను కదా, ఫారంలో కారణం ఏమని రాస్తావు?”

“ఇంకేముంది, అవగాహన లోపం” అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. “ఈ ఆఫీసులో ముప్పై ఏళ్ళ పైబడి పనిచేసినదానికి లేని అవగాహన ఇంకెవరికుంటుందయ్యా? భయం అని రాయడానికి మన ఫారంలో చోటు లేదా?”

లేదు. టీకా నిరాకరించిన వారి కోసం మనం అచ్చు వేయించిన ఫారంలో కారణాలు మూడే: అవగాహన లోపం, మూఢనమ్మకం, ఇతరములు. ఇతరములు అని గుర్తు పెడితే పక్కన రాయాలి. రాయాలంటే అడగాలి. అడగాలంటే గుమ్మంలో ఓ పావుగంట నిలబడాలి. కనుక వేలాది ఫారాల మీద మనం మొదటి గడిలోనే గుర్తు పెట్టాము. నేనూ పెట్టాను. జనానికి తెలివి లేదని పైకి రాసి పంపించి, మనం తెలివైనవాళ్ళమన్న సంతృప్తితో టీ తాగాము. దీనిని తలచుకున్నప్పుడల్లా నాకు నా మీదే పట్టరాని కోపం వస్తుంది.

బట్టలకు రంగులద్దే అద్దకం వీధి నుండి వచ్చిన ఫారాల కట్ట ఆమె బల్ల మీదికి చేరింది. ఆరువందల నలభై మంది పెద్దవాళ్ళున్న ఆ వీధిలో టీకా వేయించుకున్నది డెబ్బై ఒక్కరు. మిగిలిన వారందరికీ అవగాహన లోపమే. మైకు బండి పంపించారు, “సూదితో ఏమీ కాదు, జ్వరం కూడా రాదు” అని చెప్పించారు. తరువాత టీకా వేయించుకోని వారి రంగుశాలలకు అనుమతులు నిలిపివేస్తామని నోటీసు అంటించారు. నోటీసు అంటించిన మరునాటి నుండి, వస్తున్న కొద్దిమందీ రావడం మానేశారు.

ఎందుకమ్మ గారు కట్టను పక్కన పెట్టి, కార్యాలయ వేళలు ముగిశాక ఆ వీధికి నడిచి వెళ్ళారు. ఒక వారం వెళ్ళారు. మోచేతుల దాకా నీలం పట్టిన చేతులతో తలుపులు తీసిన వారిని ఆమె టీకా వేయించుకోండి అని అడగలేదు, ఎందుకు వద్దంటున్నారో మాత్రమే అడిగారు. కొందరు సూదికి భయపడ్డారు. కొందరు రెండు రోజులు జ్వరంతో పడుకుంటే పనిలోంచి తీసేస్తారన్నారు. కొందరిని ఫోన్లలో తిరిగే చెత్త సందేశాలు బెదరగొట్టాయి. అవి పుట్టించి పంపిన పెద్దమనుషులు తమ ఇంటిల్లిపాదికీ టీకా వేయించుకునే పంపారని నా గట్టి అనుమానం. కానీ ఇంటింటా మళ్ళీ మళ్ళీ వినిపించిన కారణం వేరు. దాన్ని అందరికంటే సూటిగా చెప్పింది, అద్దకం పనిలోనే భర్తను పోగొట్టుకున్న ఒక ఆవిడ. వీధిలో అందరూ ఆవిడను రంగులక్క అంటారు.

“పన్నెండేళ్ళ కిందట మీ ఆఫీసు వాళ్ళే వచ్చారమ్మా. రంగుల్లో పనిచేసేవాళ్ళకు పరీక్ష అని వరసగా కూచోబెట్టి రక్తం తీసుకుపోయారు. వారంలో కాగితాలిస్తామన్నారు. మా ఆయన మూడుసార్లు తిరిగాడు. మాకు తెలీదన్నారు. పై ఏడు ఆయన పోయాడు. అప్పుడు సూదితో తీసుకుపోయినవాళ్ళు ఇప్పుడు సూదితో ఇస్తామంటే, చెయ్యెట్లా చాపమంటారు?”

దీనికి మన ఫారంలో గడి ఏదో ఎవరైనా చెప్పగలరా?

ఆమె మరునాడు పాత దస్త్రాల గది తాళం అడిగి తీసుకున్నారు. నాలుగు రోజులు దుమ్ములో వెతికారు. ఐదో రోజున నన్ను పిలిచారు. పురికొసతో కట్టిన కట్ట అది, ప్రయోగశాల వేసిన ముద్ర కూడా చెదరలేదు. రెండువందల పద్నాలుగు మంది ఫలితాలు పన్నెండేళ్ళుగా విప్పకుండా ఉన్నాయి. విప్పి చూస్తే ముప్పై ఒక్క కాగితాల మీద ఎర్ర సిరాతో ‘మూత్రపిండాల పనితీరు లోపించినది, తక్షణం పెద్దాసుపత్రికి పంపవలెను’ అని రాసి ఉంది. ఆమె ఆ ముప్పై ఒక్క పేర్లను మరణాల రిజిస్టరుతో పోల్చి చూశారు. తొమ్మిది పేర్లు దొరికాయి. ఆ తొమ్మిది నమోదులూ ఆమె చేతిరాతే.

ఆమె రిజిస్టరు మూశారు. “కారణం రాయించుకురమ్మని వీళ్ళ ఇళ్ళవాళ్ళను కూడా తిప్పి పంపే ఉంటాను తమ్ముడూ” అన్నారు. “కారణం మన గదిలోనే ఉంది.”

అప్పటి అధికారి ముందు ఇద్దరం నిలబడ్డాము. ఆయన కట్టను ముట్టుకోలేదు. “ఇప్పుడిది బయటపెడితే ఉన్న నమ్మకం కూడా పోతుందమ్మా. ముందు టీకాలు పూర్తి కానివ్వండి, తరవాత చూద్దాం.”

“ఉన్న నమ్మకం ఎంతండీ?” అన్నారామె నెమ్మదిగా. “ఆరువందల నలభైలో డెబ్బై ఒకటి. ఇంక పోవడానికి ఏముందక్కడ?”

ఫైలు పెట్టమన్నారు. పెట్టారు. పరిశీలనలో ఉన్నదన్నారు. పదకొండు రోజులు పరిశీలించారు. ఆ పదకొండు రోజులలో అద్దకం వీధి నుండి ఏడుగురు ఊపిరాడక ఆసుపత్రిలో చేరారు. నలుగురు తిరిగి రాలేదు. నలుగురూ టీకా వేయించుకోనివారే. వారి ఫారాల మీద కూడా అవగాహన లోపమనే ఉంది. లోపం ఎవరిదో చదువరులు నిర్ణయించాలి.

పన్నెండో రోజున ఆమె సెలవు చీటీ రాసి, కట్టను సంచిలో పెట్టుకున్నారు. “మెమో వస్తుంది అక్కయ్యగారూ” అన్నాను.

“వస్తే రానీ. ఇన్వర్డు రిజిస్టరులో నంబరు వేసి ఫైలు చేసుకుందాం. సంచి బరువుగా ఉంది, కాస్త పట్టుకో.”

పట్టుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటాను. మాతో వార్డు ఆరోగ్య కేంద్రపు యువ డాక్టరమ్మ కూడా వచ్చారు. ఎవరి కాగితం వారి చేతికే, లేదా పోయినవారి ఇంటివారి చేతికే ఇస్తూ, అందులో ఏముందో ఆవిడ విడమరచి చెప్పారు. మాకు దండలేమీ వేయలేదు. ఒక వృద్ధ మేస్త్రి ఎందుకమ్మ గారి మొహం మీదే “పన్నెండేళ్ళు ఏం చేస్తున్నారు, నిద్రపోతున్నారా” అని అరిచాడు. ఆమె సాకు చెప్పలేదు. “తప్పు మాదేనయ్యా” అన్నారు. ముప్పై నాలుగేళ్ళలో మన కార్యాలయం తరఫున ఎవరైనా ఆ మాట అనడం అదొక్కసారే.

రంగులక్క చదువుకోలేదు. కాగితం అందుకుని, “మీరే చదవండి” అన్నది. ఎందుకమ్మ గారు చదివారు. తేదీ కూడా చదివారు. అది ఆవిడ భర్త పోవడానికి తొమ్మిది నెలల ముందుది.

“ఇంకోసారి చదవండి.”

ఇంకోసారి చదివారు.

“ఈ కాగితం నాకే ఇచ్చేస్తారా, మళ్ళీ తీసుకుపోతారా?”

“నీదేనమ్మా. ఎప్పుడో నీది.”

ఆవిడ తలుపు వేసుకున్నది. మేము తరువాతి ఇంటికి నడిచాము.

ఐదో రోజు మధ్యాహ్నం రంగులక్క ఆరోగ్య కేంద్రానికి ఒంటరిగా వచ్చింది. సెలవులో ఉన్న ఎందుకమ్మ గారు అక్కడే డాక్టరమ్మకు సాయంగా పేర్లు రాస్తున్నారు.

“ఈ సూది వేసుకుంటే జ్వరం వస్తుందా? నిజం చెప్పండి.”

“చాలామందికి వస్తుంది. ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు. నాకూ వచ్చింది.”

“బండిలో రాదని చెప్పారు.”

“తప్పు చెప్పారు.”

రంగులక్క కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. సూది చూడలేక మొహం గోడవైపు తిప్పుకున్నది మాత్రం ఎందుకమ్మ గారే. ఆ నెలాఖరుకు అద్దకం వీధిలో ఐదువందల ముప్పై ఎనిమిది మంది టీకా వేయించుకున్నారు. ఎర్ర సిరా కాగితాలున్న వారిలో ప్రాణాలతో మిగిలిన ఇరవై ఇద్దరికీ పెద్దాసుపత్రిలో వైద్యం మొదలయింది. పై కార్యాలయం ఈ విజయాన్ని ‘మైకు ప్రచార ఫలితం’గా నివేదికలో నమోదు చేసుకున్నది. ఎందుకమ్మ గారికి మాత్రం ‘అనుమతి లేకుండా కార్యాలయ పత్రాలను బయటి వ్యక్తులకు అందజేసినందుకు’ మెమో వచ్చింది. తమ రక్త పరీక్షల ఫలితాలు తమకు అందితే వాళ్ళు బయటి వ్యక్తులట. ఆ మెమో కారణంగానే ఆమెకు రావలసిన పదోన్నతి ఆగిపోయింది.

ఆమె ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు. వారి అమ్మాయిగారికి సైతం ఈ కథ పూర్తిగా తెలియదని మొన్ననే తెలిసింది. అమ్మాయిగారూ, మీ అమ్మగారు ఇంటికి ఆలస్యంగా వచ్చిన ఆ సాయంకాలాలు ఎక్కడ గడిపారో ఇప్పుడు తెలిసింది కదా.

వీడ్కోలు సభలో పెద్దలు ఆమె సేవలను కొనియాడబోతున్నారని విన్నాను. మాటలతో పాటు ఒక పని కూడా చేయవలసిందిగా కోరుతున్నాను. ఆ మెమోను ఆమె సర్వీసు పుస్తకం నుండి తొలగించి, ఆగిన పదోన్నతిని ఆనాటి నుండే ఇవ్వాలని కోరుతూ ఒక విజ్ఞాపన రాశాను. ఇరవై ఆరుగురు సంతకాలు చేశారు. చేయనివారి కోసం ఆ కాగితం సభ రోజు సాయంత్రం వరకు శీతల గది బల్ల మీద ఉంటుంది.

అక్కయ్యగారూ, ఇక మీరు శ్రీవారి దుకాణంలో తీరికగా కూర్చోవాలి. మీ మోకాళ్ళ నొప్పులు తగ్గి, మీ రక్తపోటు డాక్టర్లు మెచ్చుకునేలా ఉండాలి. మీకు ఏ పరీక్ష చేసినా దాని ఫలితం ఆ సాయంత్రమే మీ చేతికి అందాలి. మీ వారితో, బిడ్డతో, రాబోయే మనవలతో ఆరోగ్యంగా, ఎవరికీ తలవంచవలసిన అవసరం లేకుండా, నూరేళ్ళు నిండుగా జీవించాలని మీ తమ్ముడు మనసారా కోరుకుంటున్నాడు.