వానగాలిలో పెట్టిన దీపం

బయట వాన జోరుగా కురుస్తోంది. పరిశోధకురాలు పెరోవ్‌స్కైట్ స్ఫటికంతో తాను చేసిన వేలిగోరంత దీపాన్ని ప్రయోగశాల కిటికీ గట్టు మీద ముందురోజే పెట్టి, కిటికీ తలుపులు బార్లా తెరిచి ఉంచింది. అది చూసి ప్రొఫెసర్ గుమ్మంలోనే ఆగిపోయారు.

"మతి పోయిందామ్మా? తడిగాలి సోకితే ఆ స్ఫటికం పాడైపోతుంది కదా!"

"ఇన్నాళ్లూ అలాగే పాడయ్యాయి సార్. అందుకే దీనికి కొత్త పూత వేశాను."

"పోయినసారీ ఇదే మాటన్నావు. ఈ పని ఆపేద్దామని కమిటీ వాళ్లు ఎదుటి భవనంలో కూర్చున్నారు."

"తెలుసు సార్. ఇది నిన్నటి నుంచీ ఈ గాలిలోనే ఉంది. చూడండి."

ఆమె బ్యాటరీ తీగ తగిలించగానే ముసురుకు మసకబారిన గదిలో ఆకుపచ్చని వెలుగు పరుచుకుంది.

"వెలుగుతోందే!"

"వెలుగుతోంది సార్!"

"ఉండు, అప్పుడే సంబరపడకు."

ఆయన కిటికీలోంచి చేతులు చాపి, దోసిట్లో వాననీళ్లు పట్టి దీపం మీద చిలకరించారు. వెలుగు రవ్వంతైనా తగ్గలేదు.

"గెలిచావమ్మా! నేను ఓడిపోయినందుకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. పద, కమిటీకి నువ్వే చూపిద్దువుగాని. ఆర్పకుండా పట్టుకురా."

"ఆవరణ దాటాలి కదా సార్, గొడుగు తెస్తానుండండి."

"మనకైతే తే. దానికి అక్కర్లేదు!"