కాలు జారిందని రాయండి

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు. మంచం మీద గురువమ్మ. పక్కన ఆమె అక్క కాశమ్మ, కూతురు సత్య. ఎదురుగా హెడ్ కానిస్టేబుల్ శ్రీరామ్మూర్తి.

“జారింది బాబూ. కాలు జారింది. ఎన్నిసార్లు సెప్పాలి?”

“నిన్ను కాదు కాశమ్మా, ఆవిడని అడుగుతున్నాను. గురువమ్మా, హార్బరు రాళ్ళ కట్ట మీదికి ఎందుకెళ్ళావ్?”

“సేపలకెల్లింది.”

“బోట్లు ఇవతల పక్కకి కదా వస్తాయి.”

“గాలికెల్లింది.”

“చేపలకా, గాలికా?”

“దేనికైతే ఏటి బాబూ? నా సెల్లి నీటిలో పడ్డాది, మావోళ్ళు తీసేరు. రాసుకోండి.”

“జాలరి ఆడమనిషికి ఈత రాదా అని ఎస్సైగారు అడుగుతారు. నేనేం చెప్పాలి?”

“మాయమ్మకి రాదా ఈత? ఆ రాయి మీదే జారి సచ్చిపోయింది. అప్పుడు మీరెవరూ ఇన్ని అడగలేదు.”

“హెడ్డుగారూ...”

“నువ్వుండవే సత్యా.”

“ఒక్క మాట పెద్దమ్మా. హెడ్డుగారూ, మా అమ్మ ఎండాకాలం నుంచి ఇలాగే ఉంది. పొయ్యి వెలిగించదు, తల దువ్వుకోదు. గోడకేసి తిరిగి పడుకుంటాది. ఏటమ్మా అంటే నాకే తెలదు అంటాది. డాక్టరమ్మ చూసి, ఇది జబ్బే, మందుంది అన్నారు.”

“మరి ఇవ్వలేదా?”

“ఎందుకు పడిందో ముందు రాయాలంట.”

“నోర్ముయ్యే.”

“చూడు పాపా, దూకిందని రాస్తే కేసు. ఆత్మహత్యాయత్నం, సెక్షన్ మూడు వందల తొమ్మిది. ఏడాది దాకా జైలు పడొచ్చు. కోర్టు చుట్టూ తిరగాలి.”

“చచ్చిపోయుంటే?”

“చచ్చిపోయినోళ్ళ మీద కేసేముంటుంది?”

“అంటే బతికినందుకా కేసు?”

“చట్టం నేను రాయలేదమ్మా.”

“జారిందని రాస్తే?”

“ఇంటికి తీసుకుపోవచ్చు.”

“మరి మందు దేనికిస్తారు? దూకితేనా, జారితేనా?”

“అది డాక్టర్ల పని. నా పని ఇదొక్కటే.”

“చెప్పండి. ఏది రాస్తే మందిస్తారు?”

“ఇన్నావా బాబూ దీని మాటలు? పెళ్ళి కావలసిన పిల్ల. తల్లికి పిచ్చి, పైన పోలీసు కేసు అంటే దీని గుమ్మం ఎవుడు తొక్కుతాడు? మీరు రాసీండి. ఆ రాళ్ళంతా నాచు. మాయమ్మకీ అంతే, దీనికీ అంతే.”

“సరే. నాచు మీద కాలు జారి, పొరపాటున... అంతే కదా? గురువమ్మా, ఇదిగో, ఇక్కడ వేలిముద్ర వెయ్యి.”

“ఎయ్యవే. ఏటలా సూత్తన్నావ్?”

“అమ్మా?”

“అక్కా.”

“ఏటే?”

“మనమ్మ జారలేదక్కా. ఆ రాయి మీద నానూ నిలబడ్డాను. అక్కడ నాచు లేదు.”