రోరేసి ఇంటి వీడియో ప్లేయరు గురించి

ఈ వాంగ్మూలం రాయకుండా తప్పించుకుందామనే చూశాను. మోకాలి నొప్పి అన్నాను. కళ్ళజోడు కనబడడం లేదన్నాను. పోలీసు కార్పొరల్ ఇయాకోబా నా చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి నా చేతికిచ్చాడు. అతన్ని రాసుకోనిస్తే నా మాటల్లో సగమే కాగితం ఎక్కుతాయి కనుక నేనే రాస్తున్నాను.

నా పేరు టెబానో కౌరియా. వయసు డెబ్బై ఒకటి. కాపురం తరావా దీవి, బేసో, రేవు వెనక వీధి. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు సరుకు ఓడల్లో వంట చేశాను. ఇప్పుడు జనం తెచ్చిన పెన్‌డ్రైవుల్లోకి సినిమాలు ఎక్కించి ఇస్తుంటాను. ఈ ముక్క కూడా రాయాలా అని అడిగితే కార్పొరల్, "వృత్తి చెప్పమన్నాను గానీ నేరం ఒప్పుకోమన్లేదు పెద్దాయనా, రాయండి" అన్నాడు. బడికి పోలేదు. ఓడలో యంత్రాలతో పాటు వచ్చే పుస్తకాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను.

సంగతి ఇది. కబురోరో అనే ఆమె కొడుకు నకిబే మే నెలలో చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అతని భార్య రోరేసి ఇంటికి పరాయి మగాడు వస్తున్నాడనీ, అలాంటి ఇంట్లో తన మనవరాలు పెరగకూడదనీ, బిడ్డను తనకు ఇప్పించాలనీ కబురోరో ఫిర్యాదు చేసింది. ఆమె చూపిస్తున్న సాక్ష్యం ఇంట్లోని వీడియో ప్లేయరు. దాన్ని ఎంచి కొనిపించింది నేను. అందుకే నన్ను పిలిపించారు.

ఫిబ్రవరిలో, బిడ్డ మొదటి పుట్టినరోజు విందు అయిన వారానికి, నకిబే నా దగ్గరికి వచ్చాడు. మాకు మొదటి పుట్టినరోజంటే పెళ్ళికన్నా పెద్ద పండుగ. బంధువొకడు విందంతా వీడియో తీసి పెన్‌డ్రైవులో పెట్టి ఇచ్చాడు. చూసుకోవడానికి ఇంట్లో ఏమీ లేదు. "తాతా, చవగ్గా ఉండాలి, ఇదొక్కటీ ఆడితే చాలు" అన్నాడు. ఇద్దరం రేవు దగ్గరి దుకాణానికి వెళ్ళాం.

ప్లేయరు కొనేటప్పుడు పెట్టె మీది బొమ్మలు చూసి మోసపోకూడదు. మన పెన్‌డ్రైవు మనమే పట్టుకెళ్ళి, డబ్బు ఇవ్వక ముందే అక్కడే ఆడించి చూడాలి. అన్నిటికన్నా చవకది ఆ వీడియోను ఆడించింది గానీ, మనిషి పెదవులు ఆడిన కాసేపటికి మాట వచ్చింది. నకిబే పడీ పడీ నవ్వి, "మా అమ్మ తిట్లు ఇలా వస్తే ఎంత బాగుణ్ణు, తప్పుకోడానికి టైము దొరికేది" అన్నాడు. ఖరీదైన దాని వైపు మేము చూడలేదు. తెర దానికే ఉన్న నడిమి రకం తీసుకోమన్నాను. దానికి ఒక గుణం ఉంది. కరెంటు పోయినా, తీగ పీకేసినా, వీడియో ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటుంది. మళ్ళీ పెట్టగానే, ఆగిన నిమిషం చూపించి, అక్కడి నుంచే ఆడించనా అని తెర మీద అడుగుతుంది. శబ్దం ఎంతలో పెట్టామో కూడా గుర్తుంచుకుంటుంది. పూటకోసారి కరెంటు పోయే మా ఊళ్ళో అంతకన్నా ఏం కావాలి.

ఇక్కడి నుంచి రోరేసి నాతో చెప్పినది. మే నెలలో ఒక సాయంత్రం భార్యాభర్తలు ఆ వీడియో మళ్ళీ పెట్టుకున్నారు. నకిబే బిడ్డను భుజాన ఎత్తుకుని విందు సావడి చుట్టూ తిప్పే చోట కరెంటు పోయింది. అప్పటికి ఇరవై రెండో నిమిషం. మిగతాది వేట నుంచి వచ్చాక చూద్దామన్నాడు. తెల్లవారి పడవ తీసుకుని వెళ్ళాడు. మిగతాది అతను వచ్చాకే చూస్తానని రోరేసి ప్లేయరు మీద గుడ్డ కప్పేసింది. మా వాళ్ళు నెలల తరబడి కొట్టుకుపోయి, పచ్చి చేపలూ వాన నీళ్ళతో బతికి, ఎక్కడో మార్షల్ దీవుల్లో ఒడ్డెక్కిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి ఆమె ఎదురుచూడటంలో పిచ్చితనం ఏమీ లేదు.

జూన్‌లో ఒక ఆదివారం చర్చి అయ్యాక కబురోరో కొడుకు మొహం చూడాలని ఆ ఇంటికి వెళ్ళింది. కోడలు కాదనలేకపోయింది. గుడ్డ తీసి పెడితే తెర మీద ముప్పై ఒకటో నిమిషం కనబడింది. రోరేసి తాను ముట్టుకోలేదంది. అత్త ఆపేసి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చింది. అప్పటికి ముప్పై ఎనిమిది. ఆ పూటే వీధిలో నిలబడి, "నా కొడుకు నీళ్ళలో ఉంటే దీని ఇంట్లో ఎవడో కాళ్ళు చాపుకుని సినిమా చూస్తున్నాడు" అని నలుగురూ వినేలా అంది.

పోలీసు స్టేషనులో నన్ను అడిగింది ఒకటే. ఈ యంత్రం తనంతట తాను ముందుకు పోతుందా? పోదు. నేను అదే దుకాణంలో అదే రకం ఇంకొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి చూశాను. ఆపిన చోటే ఆగి ఉంది. ఈ మాట చెప్పగానే కబురోరో నా వైపు తిరిగి, "విన్నారుగా. టెబానో నాకు చుట్టం కాడు, పక్కం కాడు" అంది. రోరేసి బిడ్డను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. నేను చెప్పిన నిజం ఎవరి మెడకు చుట్టుకుంటుందో అప్పుడు తెలిసింది.

అందుకని ఒక పరీక్ష పెట్టమని నేనే కార్పొరల్‌ను అడిగాను. ముందు అందరి ఎదుటా పెట్టి చూశాం. నలభై ఒకటో నిమిషం. శబ్దం మూడులో ఉంది. కార్పొరల్ దాన్ని ఇరవైకి పెంచి, ఆపి, తీగ పీకాడు. ప్లేయరును చాపలో చుట్టి స్టేషను బీరువాలో పెట్టి తాళం వేశాడు. పెన్‌డ్రైవును తన భార్యకిచ్చి ఆమె కుట్టు డబ్బాలో పెట్టించాడు. వీడియో ఒకచోట, దాన్ని ఆడించేది ఇంకొకచోట. అలా ఒక వారం.

బుధవారం ఉదయం పది గంటలకు బీరువా తెరిచాం. నేను, కార్పొరల్, అత్తా కోడళ్ళు, బిడ్డ. చాప కట్టు కట్టినట్టే ఉంది. పెన్‌డ్రైవు పెట్టాం. నలభై ఎనిమిదో నిమిషం. శబ్దం మళ్ళీ మూడులో ఉంది.

కార్పొరల్ తాళం చెవి వంక చూసుకున్నాడు. తర్వాత కబురోరో, తిట్టే గొంతుతో కాకుండా, కోడలిని అడిగింది.

"మూడేంటే? ఎవరికి వినబడుద్ది మూడు?"

"బిడ్డ లేస్తుందని ఆయన ఎప్పుడూ అంతలోనే పెడతాడత్తా."

కబురోరో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పూట ఆమె నాతో ఒక్క మాటే అంది. "టెబానో, ఇంకా ఎంతుందయ్యా అది?" యాభై ఆరు నిమిషాల వీడియో అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అని తర్వాత అనిపించింది.

కనుక నేను చెప్పగలిగేది ఇంతే. ఈ పని యంత్రం చేసింది కాదు. రోరేసి చేసింది కాదు. ఆ ఇంటికి ఏ మగాడూ వచ్చి చేసింది కాదు, ఎందుకంటే వారమంతా అది పోలీసు బీరువాలో ఉంది. ఆ తర్వాతి ప్రశ్న నన్ను అడగలేదు. బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని నా మనవి.

పైన రాసినదంతా నేను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాశాను. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు, టీ తప్ప. చదివి చూసుకుని సంతకం చేస్తున్నాను.

టెబానో కౌరియా
బేసో పోలీసు స్టేషను, 2011 జూలై

సంతకం చేశాక కార్పొరల్ కోరిక మీద చేర్చినది: కాగితం ఫిర్యాదుకు జత చేసే ముందు ప్లేయరును చివరిసారి పెట్టి చూద్దామన్నాడు. పరీక్ష అయిన ఈ ఎనిమిది రోజులూ అది మళ్ళీ బీరువాలోనే తాళంలో ఉంది. పెట్టాం. ఈసారి తెర మీద అది ఏమీ అడగలేదు. వీడియో మొదటి నుంచి మొదలైంది. చివరిదాకా చూసేసిన వీడియోను అది అలాగే మొదలుపెడుతుంది. రోరేసి లేచి తీగ పీకి చుట్టింది. కబురోరో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు వేలిముద్ర వేసింది. ఒళ్ళో ఉన్న బిడ్డను కోడలికి అందించి, ఏడవడానికి వచ్చేవాళ్ళకు చాపలు పరవాలని చెప్పి, అవి తేవడానికి ఇంటికి వెళ్ళింది.