అమ్మేస్తున్నామన్న ఇంజిన్

అడవి మధ్య సరస్సులో ఇంజిన్ ఆగిన పడవ. అందులో ఇద్దరు పాత స్నేహితులు.

“ముప్పై ఏళ్లలో మన మెకానిక్‌గాడు లేకుండా చేపలకి రావడం ఇదే మొదలు రా.”

“పక్షవాతంతో కుడిపక్క పడిపోయినవాణ్ణి ఎత్తి పడవెక్కించేదెవరు? నీ నడుమా, నా నడుమా?”

“వాడితో అదే చెప్పాల్సింది. ఇంజిన్ అమ్మేస్తున్నాం, సర్వీసింగ్ చెయ్యమని అబద్ధమెందుకు ఆడావు?”

“పక్కనే నిలబడి తలూపిందెవరు? సర్లే, పనిముట్ల పెట్టె తియ్యి.”

“ఇందులో కొత్త స్పార్క్ ప్లగ్గుంది రా. చుట్టూ చీటీ కూడా.”

“చదువు.”

“‘మీరు అమ్మరని తెలుసు. సరస్సు మీద తేమకి పాత ప్లగ్గు మొరాయిస్తుంది, ఇది వెయ్యండి. జాగ్రత్త.’”

“మళ్లీ చదువు.”

“ఎడం చేత్తో రాసినట్టున్నాడు, అక్షరాలన్నీ వంకర్లు.”

“చీటీ ఇటియ్యి, తడుస్తుంది.”

“ఇదిగో, ప్లగ్గు బిగించాను. తాడు లాగు, స్టార్టవుతుంది.”

“నువ్వే లాగు రా. నాకు చేతులు రావడం లేదు.”