గథోని వీపు మీద మూట

ఏదీ, ఆ కాగితం మళ్ళీ చదువు. నా కళ్ళద్దాలు లోపలున్నాయి, నువ్వే చదువు వైరిమూ. ఊ... "యోధుడు". ఊ... "ఖైదీ". ఇంకా? అంతేనా? రెండు గడులేనా? దొరల మీద పోరాడిన అందరి పేర్లూ రాయి మీద చెక్కిస్తాం అని కమిటీవాళ్ళు ఊరంతా డప్పు కొట్టారు, తీరా మా అక్క పేరు వెనక్కి పంపారన్నమాట. ఎందుకట? తుపాకీ పట్టలేదనీ, ఖైదీల క్యాంపు రికార్డుల్లో లేదనీనా? మూడు రోజుల్లో చంపేసినదానికి రికార్డు ఎవడు రాస్తాడు?

మాటలన్నీ వాళ్ళవేనమ్మా, అప్పుడూ ఇప్పుడూ. తెల్లదొర మా ఇళ్ళు తగలబెట్టాడు. మమ్మల్ని ముళ్ళకంచెలో కుక్కి, చుట్టూ కందకం మాచేతే తవ్వించి, దాని అడుగున వెదురు మేకులు మాచేతే దిగ్గొట్టించి, "రక్షణ గ్రామం" అని పేరు పెట్టాడు. చావబాదడాన్ని "విచారణ" అన్నాడు. అడవిలో ఉన్న మా పెద్దన్న "టెర్రరిస్టు"ట. మా నేల మీద మా అన్న టెర్రరిస్టు, ఓడ దిగి వచ్చినవాడు రైతు. మేం మాత్రం మనవాళ్ళు అనుకునేవాళ్ళం, అదీ నోట్లో నోట్లోనే. ఏం చెబుతున్నాను? ఆ, గథోని.

మా అక్క. పదిహేడేళ్ళది. నోరు విప్పిందంటే గయ్యాళే. "నిన్ను చేసుకోబోయేవాడు కన్యాశుల్కం మేకలతో పాటు చెవుల్లోకి దూదీ తెచ్చుకోవాలే" అనేది మా అమ్మ. చేలకి పోవడానికి రోజుకో గంట గేటు తీసేవాళ్ళు. అడవిలో ఉన్నవాళ్ళ కోసం ఉడికించిన చిలగడదుంపలు గుడ్డలో చుట్టి, బిడ్డలాగా వీపున కట్టుకుని దాటేసేది. అడిగితే "మా వదిన కొడుకు" అనేది. వాడేమో ఇంట్లో పడుకుని ఉండేవాడు. కాపలా ఎవరనుకున్నావ్, దొరలా? మనవాళ్ళే, దొర ఇచ్చిన కాకీ కోట్లేసుకుని. వాళ్ళ ముందే మూటని జోకొడుతూ పోయేది, గుండెలు తీసిన బంటు.

మా నాన్నమ్మ పేరూ గథోనీయే. ఇంట్లో తొలి ఆడపిల్లకి నాన్నమ్మ పేరే కదా పెడతాం. చూపు ఆనేది కాదు ఆవిడకి. మూట సంగతి ఆవిడకి మేం చెప్పలేదు, ముసలి ప్రాణం, ఎక్కడైనా నోరు జారుతుందేమో అని. అదే మా తప్పు. ఆరోజు గేటు దగ్గర ఎండ కాగుతూ కూర్చుంది. "ఎవరే, నా పేరిటిదానివేనా? వీపున నా మునిమనవడా? దీవెన లేకుండా తీసుకుపోతావుటే?" అంది. పసిబిడ్డ గుండె మీద నోటి తుంపర వేసి దీవించకుండా పంపితే శపించినట్టేగా మనకి. "నిద్రపోతున్నాడే నాన్నమ్మా, వచ్చాక" అంది అక్క. "నా దీవెనకి నిద్ర అడ్డమొచ్చిందా" అని ముసల్ది గుడ్డ లాగేసింది. కాపలావాళ్ళ బూట్ల ముందు దొర్లాయి దుంపలు. నాన్నమ్మ ఇంకా నేలంతా తడుముతూనే ఉంది, బిడ్డ ఎక్కడ పడ్డాడో అని.

ఎవరికి మోస్తున్నావని మూడు రోజులు అడిగారు. అడవివాళ్ళ గుట్టు విప్పనని ప్రమాణం చేసిన మనిషి, ఒక్క పేరు చెప్పలేదు. శవాన్ని కూడా ఇవ్వలేదు వెధవలు. పెద్దన్న బతికి బయటికొచ్చాడు, వాడి పేరు రాయి మీద ఉంటుందట. ఎవరి దుంపలు తిని బతికాడో రాయికి అక్కర్లేదు. నాన్నమ్మ ఇంకో నాలుగేళ్ళుంది. మళ్ళీ ఒక్క బిడ్డనీ దీవించలేదు, ఎత్తుకొస్తే మొహం తిప్పేసుకునేది.

మొదటి ఇద్దరికీ మా అమ్మ పేరూ, అత్తగారి పేరూ పెట్టాలి కదా, మూడో ఆడపిల్ల పుట్టుంటే అక్క పేరు పెట్టేవాణ్ణి. ఇద్దరితో ఆగిపోయింది. ఇంక ఆ పేరు నిలిచేది రాయి మీదే. కమిటీ పెద్ద ఎవడో తెలుసా? ఆ గేటు దగ్గర కాకీ కోటేసుకుని నిలబడ్డవాడి కొడుకు. యోధుడంటే ఎవరో వాడు నాకు చెబుతాడా? నువ్వు రాయమ్మా. గడిలో పట్టకపోతే గీత బయట రాయి. తిండి మోసింది, పేర్లు చెప్పలేదు, అని రాయి. ఈసారి వెనక్కి పంపారా, ఉలి పట్టుకుని నేనే పోతాను, ఎవడు ఆపుతాడో చూస్తాను.

అదిగో, నీ వీపున పిల్ల కదిలింది. ఏదీ, ఇలా తిరుగు, దీవి...

వద్దులే. గుడ్డ తియ్యకు. టీ చల్లారిపోతోంది, తాగు.